మంచి మొగుడున్న కథ ఎందుకు రాయం?

ఆ మధ్య చుట్టాలింట్లో పెళ్ళికని చంద్రశేఖరపురం వెళ్ళాను. పెళ్ళి మర్నాడు ఆడవాళ్ళమంతా ఓ ఆటోలో ఇరుక్కుని భైరవకోన బయల్దేరాం. ఒకే కొండను తొలిచి ఎనిమిది గుళ్ళు! చూసి తీరవలసిందే గానీ, నేనిప్పుడు చెప్పబోయేది శిల్పాల సంగతి కాదు. నీళ్ళ దగ్గర అందరూ కాళ్ళు తడుపుకుంటూంటే, నలభై దగ్గర పడిన ఒకావిడ నా పక్కన కూర్చుంది.

"అక్కా, మీ నవల చదివాను. ఒక్క మాట అడగనా? ఆ పిల్ల మొగుణ్ణి అంత దుర్మార్గుణ్ణి ఎందుకు చేశారు?"

ఆ నవలలో కథానాయిక పెళ్ళయినది. తనతో పనిచేసే మరో స్త్రీని ప్రేమిస్తుంది. మొగుడు తాగుతాడు, కొడతాడు. "కథకు బలం ఉండాలి కదమ్మా" అని ఏదో నసిగాను.

"నా మొగుడు మంచోడే అక్కా. నాకు ఇష్టమే. కాలేజీలో నా నేస్తం మీద నాకున్నదీ అదే ఇష్టం, ఇప్పటికీ పోలేదు. మీ పుస్తకంలో నాకు చోటు లేదు" అని చెప్పి, లేచి వెళ్ళి పులిహోర పొట్లాలు విప్పింది.

నిజం చెప్పొద్దూ, ఆ పులిహోర నాకు దిగలేదు.

ఇంటికొచ్చాక ఈ కోవ కథలన్నీ మళ్ళీ ముందేసుకున్నాను. ఇస్మత్ చుగ్తాయ్ 1942లో ఉర్దూలో రాసిన 'లిహాఫ్' తీసుకోండి. ఆ కథకు ఆవిణ్ణి లాహోరు కోర్టుకు లాగారు, ఆవిడే నెగ్గింది. గొప్ప కథ, అందులో సందేహం లేదు. పసిపిల్ల కంటితో గోడమీద దుప్పటి నీడ చూపించడం అందరివల్లా అయ్యే పని కాదు. కానీ బేగం జాన్ పనిమనిషి రబ్బూకి దగ్గరైందెందుకు? నవాబుగారు కన్నెత్తి చూడలేదు గనక! దీపా మెహతా 1996లో తీసిన 'ఫైర్'లోనూ అంతే. ఒక తోడికోడలి భర్త స్వామీజీ మాట విని బ్రహ్మచర్యం పట్టాడు, రెండో ఆవిడ భర్తకు వేరే మనిషి ఉంది. ఇద్దరు మొగుళ్ళూ పనికిరారు గనక ఆ ఇద్దరూ దగ్గరయ్యారు. 1998లో ఆ సినిమా మన దేశంలో ఆడినప్పుడు హాళ్ళమీద రాళ్ళు పడ్డాయి. రాళ్ళు వేసినవాళ్ళు తప్పే, కాదనను. కానీ మెచ్చుకున్న మనం మాత్రం ఏమన్నాం? "పాపం, ఏం చేస్తారు మరి!" అన్నాం. పాలు దొరక్క పిండినీళ్ళు తాగిన అశ్వత్థామ కథలాగే చూశాం ఆ ప్రేమను. పాలుంటే ఎవరు తాగుతారు పిండినీళ్ళు అని.

నేనూ అదే చేశాను. నా కథానాయికను పాఠకులు క్షమించాలంటే ఆమె వీపుమీద నాలుగు వాతలుండాలనుకున్నాను.

మన తెలుగు సినిమా 'అ!' 2018 ఫిబ్రవరిలో వచ్చింది. సుప్రీంకోర్టు ఇలాంటి ప్రేమ నేరం కాదని తేల్చింది ఆ సెప్టెంబరు 6న, అంటే సినిమా తీర్పుకంటే ముందే వచ్చిందన్నమాట. రాధ అనే అమ్మాయి తను పెళ్ళాడబోయే 'క్రిష్'ని చూడమని అమ్మానాన్నల్ని హోటలుకు రప్పిస్తుంది. తీరా చూస్తే ఆ క్రిష్ కృష్ణవేణి! నిత్యా మీనన్, ఈషా రెబ్బా ఆ సన్నివేశాన్ని వెకిలితనం లేకుండా నడిపారు. ఎంత హాయిగా అనిపించిందో! కానీ చివరికి తేలేదేమిటంటే, ఆ రాధా, ఆ కృష్ణవేణీ, మిగతావాళ్ళూ అందరూ కాళి అనే గాయపడ్డ స్త్రీ మనసులోని ముక్కలు. మళ్ళీ మొదటికే వచ్చాం. మొగుడి స్థానంలో గాయం వచ్చిందంతే.

ఏ సాకూ వెతక్కుండా రాసింది నాకు కనిపించినంతలో కమలాదాస్ ఒక్కావిడే. 1972లో మలయాళనాడు వారపత్రికలో 'ఎంటె కథ' సీరియల్‌గా వచ్చింది. ఇంటింటా చదివే పత్రికలో! చిన్నప్పుడు పంతులమ్మమీద మనసు పడడం, మొగవాళ్ళమీద మోహం, అన్నీ ఒకే గొంతుతో చెప్పింది, ఒకదాన్ని ఇంకోదానికి కారణంగా చూపించకుండా. అందులో కల్పన కూడా ఉందని తర్వాత ఆవిడే అంది. ఉంటే ఉండనీయండి. నాకు నచ్చింది ఆ గొంతు.

ఇక పేరు సంగతి. భర్తనూ ఇష్టపడి స్నేహితురాలినీ ఇష్టపడే మనిషిని ఏమనాలి? బైసెక్సువల్ అనే మాట ఉంది. కానీ కొందరు స్త్రీలు మేం లెస్బియన్లమే, మాకు మగవాడి మీదా మనసు పోవచ్చు అంటారు. దానికి లెస్బియన్ స్త్రీలలోనే కొందరు కోప్పడతారు. వాళ్ళ కోపం అర్థం లేనిది కాదు. "సరైన మగాడు తగిలితే నువ్వే మారతావు" అని జీవితమంతా విన్నవాళ్ళకు, ఆ తలుపు గట్టిగా వేసుకోవడానికి ఒక మాట కావాలి. ఆ మాటే వదులైపోతే ఎక్కడికి పోతారు? అటు చూస్తే అదీ న్యాయంగానే ఉంది. కానీ ఆ పేరు ఎక్కడిదో చూడండి. రెండువేల ఆరువందల ఏళ్ళనాడు లెస్బోస్ ద్వీపంలో ఆడపిల్లలమీద ప్రేమ గీతాలు కట్టిన శాఫో వల్ల వచ్చింది. ఆ శాఫోకు ఒక కూతురుందని పాతకాలం వాళ్ళే రాశారు. పడవవాడి కోసం కొండమీంచి దూకిందని కథ కూడా కట్టారు. పేరిచ్చిన ఆవిడే ఆ పేరులో సరిగ్గా ఇమడలేదు!

ఇదంతా పడమటి గోల అనేవారు మా వైపూ ఉన్నారు. ఆడది తన కోరిక తానే రాస్తే ఏమవుతుందో ముద్దుపళని కథ తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. తంజావూరులో ఆవిడ రాసిన 'రాధికా సాంత్వనము'ను 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ అచ్చు వేయిస్తే ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం ఎత్తేయించింది మద్రాసు ప్రభుత్వానికి పెద్దగా ఉన్న టంగుటూరి ప్రకాశం పంతులుగారు. 1972లో జిల్లాకు పేరు పెట్టుకున్నది ఆయనదే. ఆ కావ్యం ఇలాంటి ప్రేమ గురించి కాదు, దాన్ని ఇందులోకి లాగను. తను పెంచిన ఇళనూ, కృష్ణుణ్ణీ రాధ ఒకే గుండెలో మోయలేక మోయడం మాత్రం చదివి చూడండి.

నా నవల మళ్ళీ అచ్చు వేస్తామంటున్నారు. మొగుడి చేత సారా మాన్పించి మూడు అధ్యాయాలు తిరగరాశాను. ఎంత కష్టమనుకున్నారు! అతను భార్య పక్కన కూర్చుని కాఫీ తాగుతాడు, జోకులేస్తాడు, ఆమె నవ్వుతుంది. ఆ సాయంత్రమే స్నేహితురాలు వస్తుంది. అక్కడ కలం ఆగిపోతోంది. ముందు కారణం రాయాలనిపిస్తుంది, రాసి కొట్టేస్తాను. భైరవకోనలో ఆవిణ్ణి, తర్వాత ఏమైంది, ఆ నేస్తం ఇప్పుడెక్కడుంది అని అడగాల్సింది. పులిహోర పెడుతూ నా వైపు చూడనే లేదు.