ఢిల్లీ కమిషన్, కర్నూలు కమిషన్: అంగళ్లు నుంచి చూస్తే

మదనపల్లె నుంచి కదిరికి పోయే రోడ్డు మీద ఉంటుంది అంగళ్లు. టమోటా మండీ, ఇంజినీరింగు కాలేజీ, పొద్దస్తమానం లారీలు. 2023 ఆగస్టు 4న ఆ ఊరి పేరు రాష్ట్రమంతా వినబడింది. అప్పటి ప్రతిపక్ష నేత చంద్రబాబు నాయుడు పర్యటనలో రెండు పార్టీల వాళ్లు ఎదురుబడ్డారు, రాళ్లు లేచాయి. అదే రోజు పుంగనూరు దగ్గర లాఠీలు లేచాయి, పోలీసు వాహనాలు తగలబడ్డాయి. పోలీసులూ గాయపడ్డారు, కార్యకర్తలూ గాయపడ్డారు. తర్వాత కేసులు, అరెస్టులు, హైకోర్టులో బెయిళ్లు. ముందు రాయి ఎవరు వేశారన్న వాదనలోకి నేను పోను. అలాంటి రోజున ఏ పార్టీ జెండా పట్టని మనిషి ఒకడు దెబ్బ తిన్నాడనుకుందాం. వాడు అర్జీ రాసుకుంటే నిజం తేల్చడానికి ఊళ్లోకి ఎవరు వస్తారు? ఈ ప్రశ్న పట్టుకుని రెండు కమిషన్లనూ పక్కపక్కన పెట్టి చూశాను.

ఒకటి ఢిల్లీలోని జాతీయ మానవ హక్కుల కమిషన్. 1993 అక్టోబరు 12న ఏర్పడింది. రెండోది మన రాష్ట్ర కమిషన్. ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాదులో ఉండేది. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌కు సొంతంగా 2021 మార్చిలో గానీ రాలేదు. ఆ ఏడాదే కర్నూలులో ఆఫీసు తెరిచారు. రెండింటికీ తల్లి ఒకటే, 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం.

ఢిల్లీ కమిషన్‌లో ప్రధానంగా ఐదు విభాగాలు. అర్జీలు తీసుకుని నంబరు వేసి నడిపించేది న్యాయ విభాగం, దానికి పెద్ద రిజిస్ట్రారు. దర్యాప్తు విభాగానికి డీజీపీ స్థాయి అధికారి పెద్ద. విధానాలు, పరిశోధన చూసేది ఒకటి, శిక్షణ ఒకటి, పరిపాలన ఒకటి. అందరి మీదా కేంద్ర కార్యదర్శి హోదాలో సెక్రటరీ జనరల్. రాష్ట్ర కమిషన్‌కూ చట్టం ఇచ్చిన నమూనా ఇదే, ఒక్కో మెట్టు కిందికి దించి. సెక్రటరీ జనరల్ బదులు రాష్ట్ర కార్యదర్శి హోదాలో ఒక సెక్రటరీ. డీజీపీ స్థాయి బదులు ఐజీ స్థాయి. ఆ సిబ్బందిని సమకూర్చాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. అర్జీలో ఎక్కువసార్లు ఎదుటి పక్షం కూడా ఆ ప్రభుత్వమే.

కాగితం మీద ఢిల్లీ ఏర్పాటు బాగుందనే అంటాను. మన ఊళ్ల సంగతులే మూడు తీసుకోండి. 2023 జనవరి మొదట్లో కుప్పంలో చంద్రబాబు రోడ్‌షోను ఆపారు. కందుకూరు, గుంటూరు తొక్కిసలాటల తర్వాత జనవరి 2న వచ్చిన జీవో నంబర్ 1 దానికి ఆధారం. ఇది ఒక మనిషి మీద పడిన దెబ్బ కాదు, ఒక ఉత్తర్వు తెచ్చిన చిక్కు. చట్టంలోని 12వ సెక్షన్ హక్కుల రక్షణకు ఉన్న ఏర్పాట్లను సమీక్షించమంటుంది కాబట్టి, అది విధానాల విభాగం పని. అంగళ్లు, పుంగనూరు దెబ్బలు దర్యాప్తు విభాగానివి. మదనపల్లె సబ్‌జైలులో ఎవరు ఎలా ఉన్నారో చూసి వచ్చే అధికారం అదే 12వ సెక్షన్‌లో ఉంది. 2006 సవరణ తర్వాత దానికి రాష్ట్ర ప్రభుత్వానికి ముందుగా కబురు పెట్టక్కర్లేదు కూడా. ఏ సమస్యకు ఏ గదో ఢిల్లీలో తెలుస్తుంది. చిన్న కమిషన్‌లో ఆ మూడు పనులూ ఆ కొద్దిమంది మీదే పడతాయి, నంబరు వేసి నోటీసు పంపడంతోనే పొద్దు గూకుతుంది. చివరికి జీవో నంబర్ 1 చెల్లదని తేల్చింది హైకోర్టు, 2023 మే 12న.

అసలు తేడా పైకుర్చీ ఖాళీ అయినప్పుడు బయటపడుతుంది. 2024 జూన్ మొదట్లో జస్టిస్ అరుణ్ మిశ్రా పదవీకాలం ముగిసింది. ఆ ఏడాది చివర జస్టిస్ వి. రామసుబ్రమణియన్ వచ్చేదాకా ఢిల్లీలో పూర్తిస్థాయి చైర్‌పర్సన్ లేరు. మన తెలుగావిడే, సభ్యురాలు విజయభారతి సాయని, ఆ నెలల్లో తాత్కాలికంగా బాధ్యత చూశారు. అర్జీలకు నంబర్లు పడ్డాయి, నోటీసులు వెళ్లాయి. కింద విభాగాలు గట్టిగా ఉంటే పైన వెలితిని కొన్నాళ్లు మోస్తాయి. తెలంగాణలో 2022 డిసెంబరులో చైర్మన్ పదవీకాలం అయిపోతే 2025 ఏప్రిల్ దాకా కొత్తవారు రాలేదు. రెండేళ్ల పైన! ఖాళీలు మూడు నెలల్లో నింపాలని 2015 జులైలోనే డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2019 సవరణ పదవీకాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకు కోసింది కాబట్టి ఈ ఖాళీ ఇప్పుడు ఇంకా తొందరగా వస్తుంది. రాష్ట్రంలో కుర్చీ ఖాళీ అయితే అర్జీ మీద ఉత్తర్వు రాసే చెయ్యే ఉండదు. కర్నూలు దగ్గరా ఢిల్లీ దగ్గరా అంటే అంగళ్లు వాళ్లకు కర్నూలే దగ్గర, కదిరి రోడ్డు పట్టి పోతే చాలు. తీరా పోయాక తలుపు లోపల మనిషి ఉండాలి కదా.

ఇంతవరకూ ఢిల్లీని మెచ్చుకున్నాను. ఇక నాకు నచ్చనిది, ఇది రెండింటికీ ఉమ్మడి. చట్టంలో 17వ సెక్షన్ ఉంది. అర్జీ రాగానే సంబంధిత ప్రభుత్వం నుంచి గానీ దాని కింది అధికారి నుంచి గానీ నివేదిక అడగొచ్చంటుంది. నివేదిక చూసి తృప్తి పడితే అర్జీని అంతటితో మూసేయొచ్చంటుంది. పోలీసు మీద అర్జీ అయితే ఆ నివేదిక జిల్లా ఎస్పీ నుంచి వస్తుంది. ఎస్పీ డీఎస్పీని అడుగుతారు, డీఎస్పీ సీఐని, సీఐ స్టేషన్‌ని. ఎవరి మీద అర్జీ వేశామో వాళ్ల మాటే నాలుగు సంతకాలతో కమిషన్ బల్ల మీదికి చేరుతుంది. కమిషన్ సొంత మనిషి ఊళ్లోకి వచ్చి విచారించే సందర్భాలు లేకపోలేదు, కానీ ఆ వచ్చే మనిషీ చాలావరకు డెప్యుటేషన్ మీద వచ్చిన పోలీసే. రేపు మళ్లీ తన శాఖకు పోవాల్సినవాడు. హక్కుల కమిషన్లకు అంతర్జాతీయంగా గుర్తింపు ఇచ్చే వేదిక 2023లో, 2024లో భారత్ గుర్తింపును వాయిదా వేస్తూ వేలెత్తి చూపిన వాటిలో ఇదొకటి. దక్షిణాఫ్రికా కమిషన్‌కు తొమ్మిది ప్రొవిన్సుల్లోనూ కార్యాలయాలు ఉన్నాయి. అర్జీదారు రాజధానికి పోనక్కర్లేదు. మన పడమటి మండలాల్లో ఏ కమిషన్‌కూ ఒక్క బల్ల లేదు.

పోలీసు కాని మనిషి ఊళ్లోకి వచ్చి నిజం తేల్చాలన్న మాట నేను కొత్తగా కనిపెట్టలేదు. ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం దగ్గర విభాగాలు లేవు, డీజీపీ లేడు, జీపు లేదు. నిజనిర్ధారణ కమిటీ అని నలుగురైదుగురు, ఒక లాయరు, ఒక లెక్చరరు బస్సెక్కి ఊరికి పోయేవాళ్లు. శవం దొరికిన చోటు చూసి, తల్లిదండ్రులతో మాట్లాడి, స్టేషన్‌లోనూ అడిగి రాసుకొచ్చేవాళ్లు. ఎన్‌కౌంటర్ల మీద ఆ సంఘం పెట్టిన ఫిర్యాదుల మీదే జాతీయ కమిషన్ 1996 నవంబరు 5న ఉత్తర్వు ఇచ్చింది. కమిషన్ అప్పటి చైర్‌పర్సన్ జస్టిస్ వెంకటాచలయ్య 1997 మార్చి 29న ముఖ్యమంత్రులందరికీ లేఖ రాశారు. అందులో ముఖ్యమైన మాట: కాల్పులు జరిపింది ఏ స్టేషన్ వాళ్లో ఆ స్టేషన్ దర్యాప్తు చేయకూడదు, సీఐడీ లాంటి వేరే సంస్థకు ఇవ్వాలి. దేశమంతటికీ ఆ నియమం మన నేల మీది కేసుల నుంచి వెళ్లింది. 2015 ఏప్రిల్ 7న మన పాత చిత్తూరు జిల్లా శేషాచలం అడవిలో 20 మంది తమిళ కూలీలు చనిపోయినప్పుడు కూడా అందరి నోటా వచ్చింది ఆ నియమమే. రాష్ట్రాలకు చెప్పిన ఆ మాటను కమిషన్ తన దర్యాప్తు విభాగానికి కూడా వర్తింపజేసుకోవాలి. ఎస్పీ నివేదికను మొదటి కాగితంగా తీసుకోవచ్చు. ఆఖరి కాగితం అది కాకూడదు.

కమిషన్ చేసిన ఒక ఏర్పాటుకు మాత్రం చేతులెత్తి దండం పెడతాను. కస్టడీలో ఎవరైనా చనిపోతే 24 గంటల్లో కలెక్టరో ఎస్పీనో ఢిల్లీకి తెలపాలని 1993 డిసెంబరులోనే ఆదేశించింది. శవపరీక్షను వీడియో తీసి పంపమంది. అంటే జిల్లా దాటి ఒక కాపీ బయట ఉంటుంది. కాగితం ఒకే చోట ఉంటే ఏమవుతుందో మదనపల్లె వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2024 జులై 21 రాత్రి సబ్ కలెక్టర్ ఆఫీసులో ఫైళ్లు కాలిపోయిన వాసన ఈ ఊరికి ఇంకా గుర్తుంది.

కర్నూలు కమిషన్‌కు ముందు కావలసింది పెద్ద భవనం కాదని నా అభిప్రాయం. పోలీసు శాఖ నుంచి రాని దర్యాప్తు మనుషులు నలుగురు, నెలకొకసారి మదనపల్లెలోనో కుప్పంలోనో కూర్చునే బెంచి కావాలి.

ఈలోపు అంగళ్లులో ఎవరైనా అర్జీ రాస్తుంటే నాకు తెలిసింది చెబుతాను. తెలుగులోనే రాయండి, ఢిల్లీ కూడా తీసుకుంటుంది. రుసుము లేదు. జరిగిన ఏడాది లోపు పంపండి, ఆ తర్వాత తీసుకోరు. రాష్ట్ర కమిషన్ దగ్గర పెండింగులో ఉన్నదాన్ని ఢిల్లీ ముట్టుకోదు కాబట్టి రెండు చోట్లకూ ఒకేసారి వేయకండి. కర్నూలులో ఉత్తర్వు రాసే మనిషి ఉన్నారో లేదో ముందు కనుక్కోండి. అర్జీ అడుగున ఈ ఒక్క వాక్యం చేర్చండి: ఎస్పీ గారి నివేదిక కాపీ నాకు పంపి, నా జవాబు చదివిన తర్వాతే దీన్ని మూయాలని కోరుతున్నాను.