ఫ్రేములో కనిపించని ఎర

పోయిన సంక్రాంతికి కరీంనగర్ పోయినప్పుడు మా అమ్మకు ఫోన్లో ఒక వీడియో చూపించాను. మాల్దీవుల్లో, భూమధ్యరేఖకు కాస్త దిగువన, ఫువాములా అని ఒక దీవి ఉంది. ఈ చివరి నుంచి ఆ చివరికి సైకిల్ మీద అరగంటలో పోవచ్చు. దాని హార్బర్ బయట, పెద్దగా లోతు లేని చోట, టైగర్ షార్కులు తిరుగుతాయి. ఒంటి మీద చారలుంటాయి కాబట్టి ఆ పేరు. మనం పులి సొర అనుకుందాం. వయసు పెరిగేకొద్దీ ఆ చారలు మాసిపోతాయి. వీడియోలో నేను సిలిండర్ వీపున వేసుకుని, రాళ్లను ఆనుకుని మోకాళ్ల మీద ఉన్నాను. నాకంటే రెండింతల పొడవున్న సొర ఒకటి, తొందరేమీ లేనట్టు, నా ముందు నుంచి వెళ్లిపోతుంది. వెనక మంచి మ్యూజిక్.

అమ్మ మొత్తం చూసింది. భయపడుతుందనుకున్నాను. "గది మాటిమాటికి అటే ఎందుకు వస్తాంది బిడ్డా? అక్కడ దానికి ఏం పెట్టిన్రు?" అంది.

ఆఫీసులో ఈ వీడియో చూసినవాళ్లు ఒక్కరూ ఆ ప్రశ్న అడగలేదు. పెట్టింది ట్యూనా చేపల తలకాయలు. గైడ్ వాటిని రాళ్ల కింద దోపుతున్న నలభై సెకన్లు నా దగ్గర ఉన్నాయి. ఎడిటింగ్‌లో కత్తిరించాను, బాగుండదని. ఎందుకు బాగుండదో అప్పుడు ఆలోచించలేదు. అమ్మ అడిగాక మాత్రం, సొరచేపల మీద నాకు తెలిసిన సినిమాలన్నీ ఆ ఒక్క ప్రశ్నతో మళ్లీ చూడాలనిపించింది: ఇందులో ఎర ఏది? ఎవరు తెచ్చి పెట్టారు? కెమెరా దాన్ని చూపించిందా, దాచిందా?

ముందే ఒక మాట. నేను సముద్రం మనిషిని కాను. మాకు నీళ్లంటే మానేరు డ్యాం. చేపలంటే బొచ్చె, రవ్వ, డబ్బులుంటే కొర్రమట్ట. సముద్రం అంటే దుబాయి పోయే విమానం కిటికీలోంచి మా మామయ్యలు చూసేది. ముప్పై దాటాక హైదరాబాద్‌లో ఈత నేర్చుకుని, అండమాన్‌లో డైవింగ్ కోర్సు చేశాను. కాబట్టి సొర నాకు కూడా మొదట సినిమాలోంచే వచ్చింది, అందరికీ వచ్చినట్టే. 2024లో 'దేవర' ట్రైలర్‌లో హీరో సొర మీద స్వారీ చేస్తే మనవాళ్లు ఈలలేశారు. ఆ సొరకు ఆకలీ ఉండదు, ఊరూ ఉండదు. దాని సంగతి వదిలేద్దాం.

'జాస్' (1975) సంగతి అలా వదిలేయలేం. దాని గురించి అందరూ చెప్పేదే: స్పీల్‌బర్గ్ తయారు చేయించిన యంత్రపు సొర ఉప్పునీళ్లలో మాటిమాటికి చెడిపోయింది, అందుకని సొరను చూపించకుండా భయపెట్టాల్సి వచ్చింది. రెండో సగంలో ఆ పని చేసేవి పసుపు పచ్చ పీపాలు. సొరకు బాణం గుచ్చి, తాడు కట్టి, తాడుకు పీపా తగిలిస్తారు. ఇక తెర మీద నీళ్లలో పరుగెత్తే పీపాయే సొర. ఈ పీపాను గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. ఈ సినిమాలో ఎర మనిషే, దాపరికం లేదు. కెమెరా నీటి కింద నుంచి ఈదే కాళ్లను చూస్తుంది, అంటే మనల్ని సొర కళ్లలో కూర్చోబెట్టి మనల్నే ఎరగా చూపిస్తుంది. నవల రాసిన పీటర్ బెంచ్లీ తర్వాతి రోజుల్లో, సొరల గురించి ఇప్పుడు తెలిసింది అప్పుడే తెలిసుంటే ఆ పుస్తకం రాయలేకపోయేవాణ్ణని ఒప్పుకుని, సముద్ర సంరక్షణ కోసం పనిచేశాడు. మనిషిగా మంచిపనే. సినిమా మీద మాత్రం ఆ పశ్చాత్తాపం ప్రభావమేమీ లేదు, ఇప్పటికీ అది అంత బాగానూ భయపెడుతుంది.

'జాస్' కోసం నిజం సొరల్ని ఆస్ట్రేలియాలో షూట్ చేసినవాళ్లు రాన్, వాలరీ టేలర్ దంపతులు. వాలరీ జీవితం మీద శాలీ ఐట్‌కెన్ తీసిన డాక్యుమెంటరీ 'ప్లేయింగ్ విత్ షార్క్స్' (2021). నాకు చాలా ఇష్టమైన సినిమా, అందుకే దానితోనే తగువు. చిన్నప్పుడు పోలియో వచ్చిన అమ్మాయి, ఈటెతో చేపల్ని వేటాడే పోటీల్లో ఛాంపియన్ అయింది. తర్వాత చంపడం మీద విసుగు పుట్టి ఈటె పక్కన పెట్టి కెమెరాల వైపు వచ్చింది. ఉక్కు గొలుసుల సూటు తొడుక్కుని సొరతో చెయ్యి కరిపించుకుంది, అది ఎంత గట్టిగా కరుస్తుందో చూద్దామని. ఎనభై దాటాక ఫిజీలో మళ్లీ సొరల మధ్యకు దిగుతుంది. ఒడ్డు మీద నడవడానికి ఇబ్బంది పడే ముసలామె నీళ్లలో పడగానే పడుచుపిల్ల అయిపోతుంది. ఆ షాట్ దగ్గర నాకు గొంతు పట్టేసింది, దాచడమెందుకు.

కానీ ఎర? సినిమా గుండెకాయ లాంటి ఘట్టం 1971 నాటి 'బ్లూ వాటర్, వైట్ డెత్' లోంచి తీసుకున్నది. దక్షిణాఫ్రికాలో డర్బన్ దగ్గర, పదుల కొద్దీ సొరలు ఆవురావురుమంటూ తింటుంటే, టేలర్ దంపతులూ మిగతా ఇద్దరూ ఇనప బోను తలుపు తీసి బయటికి వచ్చేస్తారు. అంతకు ముందు ఆ పని చేసినవాళ్లు లేరు. డైవింగ్ సినిమాల చరిత్రలో అంత ధైర్యమైన దృశ్యం ఇంకోటి నేనెరుగను. అయితే సొరలు తింటున్నది ఒక తిమింగలం కళేబరాన్ని. డర్బన్ అప్పట్లో తిమింగలాల వేటకు పెద్ద కేంద్రం. ఎవరో జీతానికి పనిచేసే వేటగాళ్లు చంపిన తిమింగలం అది. అది లేకపోతే సొరలు లేవు, బోను తలుపు తీయడం లేదు, వాలరీ కథ మలుపు తిరగడమూ లేదు. 'ప్లేయింగ్ విత్ షార్క్స్' ఆ కళేబరాన్ని చూపిస్తుంది, కానీ దాని వైపు చూడదు. మన చూపంతా వాలరీ ముఖం మీదే నిలుపుతుంది. సొర రాక్షసి కాదు అని నిరూపించడం సినిమా పని. రాక్షసి అన్నా, నేస్తం అన్నా, రెండు చోట్లా కొలబద్ద డైవర్ గుండె దడే. సొర అందులో అద్దం. నా వీడియో కూడా అంతే. నేను కత్తిరించిన నలభై సెకన్లకు గురువులు ఉన్నారన్నమాట.

ఇక్కడ నా వృత్తివాళ్ల గురించి ఒక పిట్టకథ. తిమింగల సొర, అంటే వేల్ షార్క్, ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద చేప. పన్నెండు మీటర్లు పెరుగుతుంది, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ. తినేది మాత్రం నీటిలో తేలే సూక్ష్మజీవుల్ని, చిన్న చేపల్ని. దాని ఒంటి మీది తెల్ల చుక్కలు మన వేలిముద్రల్లాంటివి, ఒకదానివి ఇంకోదానికి ఉండవు. జేసన్ హోంబర్గ్ అనే ప్రోగ్రామర్ ఒకసారి డైవింగ్‌లో ఈ చేపను చూసి, ఖగోళ శాస్త్రజ్ఞులు నక్షత్రాల ఫోటోల్ని పోల్చడానికి రాసుకున్న అల్గోరిథమ్‌ని ఈ చుక్కలకు వాడొచ్చని ఇద్దరు శాస్త్రవేత్తలతో కలిసి 2005లో చూపించాడు. అప్పట్నించి డైవర్లు సరదాకు తీసిన ఫోటోలు లెక్కకు పనికొస్తున్నాయి. కాబట్టి డైవర్ కెమెరా శుద్ధ దండగ అనడం నా ఉద్దేశం కాదు. అది ఎటు తిరిగి ఉందన్నదే ప్రశ్న.

అదే చేప మీద అంతకు ముందే మన దేశంలో ఒక సినిమా వచ్చింది. మైక్ పాండే తీసిన 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' (2000). అరగంట కూడా ఉండదు. పాత టీవీ డాక్యుమెంటరీ పద్ధతి, వ్యాఖ్యానం అవసరానికి మించి చెప్పేస్తుంది. 'ప్లేయింగ్ విత్ షార్క్స్' పక్కన పెడితే చేతిపని మోటుగా కనిపిస్తుంది. గుజరాత్ తీరంలో జాలర్లు తిమింగల సొరల్ని పట్టి, ఒడ్డుకు లాగి, ముక్కలు చేయడం చూపిస్తుంది. ఒకప్పుడు దాని కాలేయం నూనె పడవల చెక్కకు పూయడానికి వాడేవాళ్లు. తర్వాత మాంసానికి విదేశాల్లో, ముఖ్యంగా తైవాన్‌లో, గిరాకీ వచ్చి వేట పెరిగింది. కొక్కేనికి తాడు, తాడుకు ఖాళీ పీపాలు. చేప మునగలేక అలిసిపోయేదాకా ఆ పీపాలు దాన్ని పట్టి ఉంచుతాయి. అవును, 'జాస్' పీపాలే. గుజరాత్ తీరంలో జాలర్లు ఆ చేపనే బ్యారెల్ అని పిలిచేవారు. హాలీవుడ్‌లో బొమ్మ సొర చెడిపోతే పీపా సొర అయింది. ఇక్కడ బతికున్న చేపకు పీపా పేరొచ్చింది.

ఈ సినిమా మోటుదనంలోనే దాని బలం ఉందని నాకు ఇప్పుడు అనిపిస్తోంది. ఇందులో డైవర్ వీరుడు కాడు. కెమెరా ఎక్కువసేపు ఒడ్డున, మనుషుల మధ్య నిలబడుతుంది. ఎరుపెక్కిన నీళ్లు, గొడ్డళ్లు, ఆ పని చేస్తున్నవాళ్లు, అన్నీ ఒకే ఫ్రేములో ఉంటాయి. ఆ సంవత్సరమే దానికి గ్రీన్ ఆస్కార్ అని పేరున్న పాండా అవార్డు వచ్చింది. 2001 మే నెలలో కేంద్ర ప్రభుత్వం తిమింగల సొరను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చింది. ఆ షెడ్యూల్లోకి ఎక్కిన మొదటి చేప అదే. అంటే మా ఆదిలాబాద్ అడవిలో పెద్దపులికి ఎంత రక్షణో దీనికీ అంత. సినిమా చూసి చట్టం మారడం మన దగ్గర ఎన్నిసార్లు జరిగింది?

చట్టం వచ్చినా జాలరి నోటి మీద బ్యారెల్ అనే మాట పోలేదు. 2004లో మొదలైన ప్రచారంలో మొరారి బాపు ఆ చేపకు 'వ్హాలీ' అని పేరు పెట్టాడు. గుజరాతీలో ముద్దులదని. కాన్పుకు తల్లిగారింటికి వచ్చిన ఆడబిడ్డ లాంటిది, దాన్ని కొడతామా అని చెప్పాడు. ఊరూరా వీధి నాటకాలు వేశారు. బతుకమ్మకు ఆడబిడ్డలు తల్లిగారిళ్లకు చేరే చోట పుట్టినవాణ్ణి, ఆ పోలిక ఎంత లోపలికి దిగుతుందో నాకు చెప్పక్కర్లేదు. శాస్త్రంగా చూస్తే సందేహాలున్నాయి. 1995లో తైవాన్‌లో ఒక ఆడ తిమింగల సొర కడుపులో సుమారు 300 పిల్లలు దొరికాయి, కానీ ఈ చేపలు ఎక్కడ ఈనుతాయన్నది గట్టిగా తేలలేదు. రుజువు లేని ఉపమానం చేపను బతికించింది. విమర్శ రాసేవాడిగా ఉపమానాల్ని అనుమానించడం నాకు అలవాటు, ఈ ఒక్కదాని దగ్గర నోరు మూసుకున్నాను. మన తీరంలోనూ, 2021 డిసెంబర్‌లో విశాఖ దగ్గర తంతడి ఒడ్డుకు రెండు టన్నుల తిమింగల సొర వస్తే జాలర్లూ అటవీశాఖవాళ్లూ కలిసి మళ్లీ సముద్రంలోకి పంపారు.

పాండే సినిమాకు కూడా ఒక గుడ్డిచుక్క ఉంది. చంపే చేతులు చూపించింది, ఆ చేతులకు తర్వాత ఏం పని అని అడగలేదు. దీని బరువు నాకు సముద్రం దగ్గర కాదు, అడవి దగ్గర తెలుసు. 2012లో కవ్వాల్ టైగర్ రిజర్వ్ అయింది. జన్నారం సఫారీకి పోయినప్పుడు పులి కనిపించలేదని నేనూ నిరాశపడ్డాను. 2020 నవంబర్‌లో ఆసిఫాబాద్ జిల్లాలో పులి ఇద్దర్ని చంపింది, ఇద్దరూ పాతికేళ్ల లోపువాళ్లే. ఆ పత్తి సీజనంతా ఒంటరిగా చేనుకు పోయినోళ్లు లేరని అక్కడుండే మా చిన్నమ్మ కొడుకు చెప్పాడు. మొన్న 2025 మేలో కుమ్రం భీమ్ కన్జర్వేషన్ రిజర్వ్ కోసం జీవో 49 వచ్చింది, ఆదివాసులు రోడ్డెక్కితే జులైలో ఆపేశారు. జీపులో కూర్చున్న నాకు పులి ఒక దృశ్యం, చేనులో వంగి పత్తి ఏరే మనిషికి అది ఇంకొకటి. అక్కడ పులికి ఆడబిడ్డ అని పేరు పెడితే వినేవాళ్లుండరు. సొర విషయంలో ఆ సౌకర్యం ఎందుకు కుదిరిందంటే తిమింగల సొర మనిషిని తినదు. పులి సొరకు ఇదే ప్రచారం చేసి చూడండి.

ఫువాములా వైపు ఈ లెక్క ఇంకోలా తీరింది. మాల్దీవులు 2010లో సొరల వేట పూర్తిగా ఆపేశాయి. జాలర్లు హార్బర్ దగ్గర పారేసే ట్యూనా వ్యర్థాలకు సొరలు అలవాటు పడ్డాయి, వాటి వెనక డైవర్లు వచ్చారు. నేను కత్తిరించిన గైడ్ చేతులు ఆ లెక్కలో ఉన్నాయి. నా ధైర్యం ఖరీదు ఎవరికి ముట్టిందో చెప్పేది ఆ నలభై సెకన్లే, మిగతా వీడియో కాదు.

గుజరాత్‌లో కథ ఒక చోటికి వచ్చింది, దాన్ని ఏ సినిమా పండగలోనూ చూపించరు. వలలో తిమింగల సొర పడితే వల కోసి వదిలేయాలి. కోసిన వలకు అటవీశాఖ పరిహారం ఇస్తుంది, మొదట్లో గరిష్ఠంగా 25,000 రూపాయలు. అయితే రుజువు కావాలి. అందుకని జాలర్లకే కెమెరాలిచ్చారు. పడవ మీంచి, ఊగుతున్న చేత్తో, వలా చేపా రెండూ కనబడేట్టు ఫోటో తీసి చూపించాలి. వందల సొరలు అలా బయటపడ్డాయి. ఆ ఫోటోల్లో అందం కోసం ఎవరూ ఏదీ కత్తిరించరు. కోసిన తాడు ఫ్రేములో లేకపోతే డబ్బులు రావు మరి.

వెళ్లేముందు రోజు రాత్రి అమ్మకు 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' చూపించి, ఈ కెమెరాల సంగతి కూడా చెప్పాను. కాసేపు ఊరుకుంది. తర్వాత, "అసలు ఒక్క వలకు ఎంతయితదట?" అంది.