ఆసు పోసిన చెయ్యి

శ్రీశ్రీ 'ప్రతిజ్ఞ'లో పనిముట్లన్నీ వరసగా వస్తాయి. కమ్మరి కొలిమి, కుమ్మరి సారె, సాలె మగ్గం, రైతు నాగలి. 'మహాప్రస్థానం' 1950లో పుస్తకంగా వచ్చింది. అప్పటినుంచి ఇప్పటిదాకా తెలుగులో శ్రమ గురించి ఎవరు మాట్లాడినా ఆ కవితనే తలుచుకుంటారు. తలుచుకోవలసిందే. కానీ ఆ పనిముట్లు ఎవరి చేతుల్లో ఉన్నాయని ఎప్పుడైనా చూశామా? కొడవలి ఒక్కటే ఆడవాళ్ళ చేతిలో కూడా కనిపించేది. మట్టి తొక్కి మెదిపిన కాళ్ళు, కొలిమితిత్తి ఊదిన చేతులు, కండెలు చుట్టిన వేళ్ళు ఆ జాబితాలోకి రాలేదు. రోకలి, తిరగలి సరేసరి.

ఇది ఒక కవి మీద నేరం మోపడానికి చెప్పడం లేదు. వృత్తిని దాని చివరి పనిముట్టుతో గుర్తుపట్టడం మన సమాజానికి ఉన్న అలవాటు. మగ్గం మీద కూర్చున్నవాడు నేతగాడు. మగ్గం దాకా నూలును తెచ్చినామె అతని భార్య. చేనేత గణాంకాల్లో ఇలాంటి పనికి 'అనుబంధ' పని అని పేరు. నాలుగో అఖిల భారత చేనేత గణన (2019-20) ప్రకారం ఈ రంగంలో పనిచేసేవాళ్ళలో నూటికి డెబ్బైమందికి పైగా స్త్రీలే. ఇంతమంది దేనికి అనుబంధం?

పోచంపల్లి ఇక్కత్ చీరనే తీసుకుందాం. రంగు అద్దకానికి ముందు పోగును ఆసు మీద పోయాలి. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో మేకుల వరస. పోగు పట్టుకున్న చెయ్యి అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి. ఒక్క చీరకు దాదాపు తొమ్మిదివేల సార్లు, నాలుగైదు గంటలు. ఈ పని ఇంటి ఆడవాళ్ళది. తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1999లో యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన జీవితం సినిమాగా వచ్చింది. అర్హమైన గౌరవం, సందేహం లేదు. అయితే ఒక విషయం నన్ను వదలడం లేదు. మనలో చాలామందికి ఆ తొమ్మిదివేల లెక్క తెలిసింది యంత్రం గురించి రాసిన వార్తల్లోనే. తరతరాలుగా చెయ్యి తిప్పిన ఆడవాళ్ళకు ఆ లెక్క చెప్పమని ఎవరూ అనలేదు. యంత్రం చేశాక అది పని అయింది. అంతకుముందు అది ఇంటి వ్యవహారం. మజూరీ కూడా చీరకే కదా, అదీ నేసినవాడి పేరు మీద. ఆసు కూలి అందులో ఎక్కడో కలిసిపోతుంది.

స్త్రీవాద సాహిత్యం ఈ కలిసిపోవడాన్నే పట్టుకుంది. విమల 'వంటిల్లు' రాకముందు వంటింటిని ఒక పనిస్థలంగా చూసిన కవిత్వం మనకు ఎంత ఉంది? కానీ ఆ కవితను మన విమర్శ ఎక్కువగా చెరసాలగానే చదివింది. చెర అన్నాక అందులో జరిగే పని గురించి, ఆ పనిలోని నేర్పు గురించి మాట్లాడటం ఆగిపోయింది. ఈ విషయంలో పి. సత్యవతి 'ఇల్లలకగానే' ఇంకా లోతుకు వెళ్ళిందని నా అభిప్రాయం. అందులో గృహిణికి పని రాకపోవడం సమస్య కాదు. ఆమె అలకడంలో ఆరితేరింది. ఏ వృత్తిలోనైనా నేర్పు పెరిగితే పేరు వస్తుంది. ఇక్కడ నేర్పు పెరిగినకొద్దీ పేరు పోయింది. ఇంటిపనిలో జరిగే దోపిడీని ఇంతకంటే సూటిగా చెప్పిన కథ నేను చదవలేదు. పేరు మరిచిపోయిన ఆ ఇల్లాలు పనిమనిషిని కూడా అడుగుతుంది, ఆమెకూ తెలియదు. ఇన్నేళ్ళుగా ఈ కథను పాఠం చెబుతున్న మనలో ఆ పనిమనిషి పేరేమిటని అడిగినవాళ్ళు ఎందరు?

'పనిమనిషి' మాటే చూడండి. అవే అంట్లు, అదే ఊడ్పు. డబ్బిస్తే చేసేవారి ఉనికి మొత్తం పనే అవుతుంది. డబ్బు లేకపోతే 'ఏం చేస్తుంది, ఇంట్లోనే ఉంటుంది' అవుతుంది. (ఈ వ్యాసం రాసుకోవడానికి నాకు దొరికిన రెండు పూటలూ మరొకామె మా ఇంట్లో పనిచేయడం వల్లనే దొరికాయి. ఆమె జీతం బేరమాడేటప్పుడు మనం ఏ లెక్కన ఆడతాం? మనం ఊరికే చేసే పనేగా అన్న లెక్కనే.) జాతీయ నమూనా సర్వేల్లో ఇంటిపని మాత్రమే చేసే స్త్రీకి 92 అని ఒక సంకేతం ఉంది. ఇంటిపనితోపాటు ఇంటి అవసరానికి కట్టెలు ఏరితే, బట్టలు కుడితే 93. రెండూ శ్రామికశక్తికి బయటే. మరోవైపు 2024 కాలవినియోగ సర్వే ఇంటిపని చేసే స్త్రీలు అందుకు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని చెబుతుంది. గడియారం లెక్క ఒప్పుకున్నదాన్ని శ్రామికశక్తి లెక్క ఒప్పుకోదు.

ఇక కొంగు. పై కులాల స్త్రీల అనుభవం నుంచి వచ్చిన రచనల్లో కొంగు అంటే సిగ్గు, కట్టడి, కన్నీళ్ళు తుడుచుకునే గుడ్డ. జూపాక సుభద్ర కొంగు మీద రాసిన కవితలో అది గుండెల మీద కాపలా కాసే బట్ట మాత్రమే కాదు. కూలికి పోయినచోట తీరుతీరుగా అక్కరకొచ్చే పనిముట్టు. దానికి వేరే ధర లేదు, దాన్ని పనిముట్టుగా రాసుకున్న గణనా లేదు. నేను చూసినంతవరకు విమర్శకులు ఈ కవితను దళిత స్త్రీ అస్తిత్వం అనే శీర్షిక కిందే చర్చించారు. శ్రమ కవిత్వం చర్చకొచ్చినప్పుడు మళ్ళీ కొలిమి, మగ్గం, నాగలి దగ్గరికే వెళ్ళారు. ఎం.ఏ. తరగతుల్లో 'ప్రతిజ్ఞ' చెప్పిన రోజునే, అదే గంటలో, ఈ కవిత కూడా చెప్పి చూడాలని ఉంది. కొలిమి పక్కన కొంగు పెడితే 'ప్రతిజ్ఞ'లోని జాబితా విద్యార్థులకు ఎలా వినిపిస్తుందో తెలుసుకోవాలని ఉంది.