జొన్నరొట్టె పొంగాలంటే

గోధుమపిండి మాట వింటుంది. కర్రతో ఒత్తితే సాగుతుంది, చిరిగితే అతుక్కుంటుంది, కొత్తగా నేర్చుకునేవాళ్ల తప్పులన్నీ కాస్తుంది. దానికి ఆ సాగే గుణాన్నిచ్చేది గ్లూటెన్ అనే మాంసకృత్తు. జొన్నలో అది లేదు. జొన్నలో ఉండే ప్రధాన మాంసకృత్తు కాఫిరిన్, నీళ్లు తగిలినా తీగ సాగదు. చన్నీళ్లు పోసి కలిపితే పేరుకు ముద్ద అవుతుంది గానీ, అదిమితే అంచులు విచ్చుకుంటాయి, ఎత్తబోతే ముక్కలవుతుంది. అలాంటి పిండిని అన్నం పళ్లెమంత వెడల్పున పల్చగా తట్టి, విరగకుండా ఎత్తి, పెంక మీద వేసి పొంగించడం మామూలు విద్య కాదు. తెలంగాణలో కురవి, మానుకోట వైపు సాయంత్రం పూట రోడ్డు పక్కన బండ్ల దగ్గర ఈ విద్యను దగ్గరగా నిలబడి చూడొచ్చు.

ఆ రొట్టెల కోసమే ఈ దారుల్లో తిరిగాను. కురవిలో వీరభద్రస్వామి గుడి పరిసరాలు, మానుకోట బజారు, అక్కడి నుంచి హనుమకొండ దాకా. ఎక్కడైనా సామాను ఒక్కటే: పొయ్యి, పెంక, పీట, పిండి డబ్బా, నీళ్ల గిన్నెలో ఒక గుడ్డపేలిక, పక్కన మూతలు పెట్టిన కూరలు. రుచి మాత్రం బండికీ బండికీ మారిపోయింది. కూర బాగున్న చోట రొట్టె బాగుండకపోవడం, ఒట్టి పచ్చడే ఉన్న చోట రొట్టె అద్భుతంగా ఉండడం చూశాక, ఇక కూరల సంగతి వదిలేసి రొట్టె చేసే చేతుల్నే చూస్తూ తిన్నాను.

తేడా గింజ దగ్గరే మొదలవుతుంది. వానాకాలం జొన్న కంకి మీద ఉండగానే వానలు తగిలితే బూజు పట్టి నల్లబడుతుంది. యాసంగి జొన్నకు ఆ బెడద తక్కువ. పొడి వాతావరణంలో, నేలలో మిగిలిన తేమతో పండి తెల్లగా దిగుతుంది. రొట్టెకు పేరుపడ్డ మాల్‌దండి రకం యాసంగిదే. శాస్త్రవేత్తలు ఎం 35-1 అని పిలిచే ఈ రకాన్ని మహారాష్ట్రలోని మొహోల్‌లో ఎంపిక చేశారు. దశాబ్దాలు గడిచినా కొత్త యాసంగి రకాలను ఇప్పటికీ దానితో పోల్చి చూస్తారు. ఇక పిండి. జొన్నగింజ మొలక భాగంలో నూనె ఉంటుంది. గిర్నీలో పట్టించాక ఆ నూనెకు గాలి తగిలి నెమ్మదిగా చెడుతుంది, పిండి చేదెక్కుతుంది. అందుకే తెలిసినవాళ్లు నాలుగైదు రోజులకు సరిపడా మాత్రమే పట్టించుకుంటారు. పాత పిండితో రొట్టె ఇరుగుతది అనేది ఈ పని చేసే ఆడవాళ్లందరూ చెప్పే మాట.

అసలు కిటుకు నీళ్లలో ఉంది. ఉడుకు నీళ్లు కావాలి, అవీ తెర్లుతున్నవి. జొన్నలోని పిండిపదార్థం 70 డిగ్రీల వేడి దగ్గర నీళ్లు పీల్చుకుని ఉబ్బి, జిగురవుతుంది. గంజి చిక్కబడేది ఇలాగే. గ్లూటెన్ లేని లోటును ఈ జిగురే పూడుస్తుంది. అయితే పిండంతా ఉడికితే సంకటి అవుతుంది, తట్టడానికి లొంగదు. ఏమీ ఉడక్కపోతే విరుగుతుంది. కొంత ఉడకాలి, కొంత పచ్చిగా మిగలాలి. దీన్ని సాధించే పద్ధతి చూడండి. పిండి కుప్ప నడుమ గుంట చేసి, అందులోనే నీళ్లు పోసి, గరిటె కాడతో నడుమ పిండిని మాత్రం కలుపుతారు. చుట్టూ ఉన్న పిండి పొడిగానే ఉంటుంది. మూత పెట్టి ఆవిరికి కాసేపు మగ్గనిస్తారు. చెయ్యి ఓర్చేంత వేడికి దిగాక చుట్టూ ఉన్న పొడిపిండిని లోపలికి లాగుతూ పిసుకుతారు. ఉడికిన పిండి జిగురు, పచ్చిపిండి ఒడలు. రెండూ ఒకే గిన్నెలో, ఒకే నీళ్లతో తయారవుతాయి.

“నీళ్లెన్ని పోస్తవక్కా?” అని కురవిలో ఒకామెను అడిగాను.

“లెక్కేముంటది సారూ, పిండి ఎంత తాగితే అంత. కొత్త జొన్న తక్కువ తాగుతది, పాత జొన్న ఎక్కువ తాగుతది” అంది, గిన్నెలోంచి చూపు తిప్పకుండానే.

పిసకడంలో కూడా ఒక వరస ఉంది. మొత్తం పిండిని ఒకేసారి మెదిపి పక్కన పెట్టరు. రొట్టెకు సరిపడా ముద్ద తీసుకుని, అరచేతి మడమతో పీట మీద ముందుకు తోసి, వేళ్లతో వెనక్కి లాగి, మళ్లీ తోస్తారు. గోధుమపిండిని నానబెడితే మెత్తబడుతుంది. జొన్నముద్ద ఆరేకొద్దీ బిగుసుకుపోతుంది కాబట్టి ఏ రొట్టె ముద్దను ఆ రొట్టెకే మెదపాలి. చాలిందో లేదో తెలుసుకోవడానికి ఆమె ముద్ద మీద బొటనవేలితో నొక్కి చూసింది. గుంట అంచు చీలితే ఇంకొన్ని నీటి చుక్కలు, ఇంకో నాలుగు తోపులు. అంచు నున్నగా నిలిస్తే ముద్ద సిద్ధం.

తట్టడం చూడాలంటే ఎదురుగా కాదు, ఆమె భుజం పక్కన నిలబడి చూడాలి. పీట మీద పొడిపిండి చల్లి, ముద్దను రెండు అరచేతుల మధ్య బిళ్లగా చేసి దాని మీద పెడుతుంది. ఇక కుడిచెయ్యి తడుతుంది, ఎడమచెయ్యి కాపలా కాస్తుంది. కుడి అరచెయ్యి పడ్డప్పుడల్లా పిండి బయటికి జరుగుతుంది. జరిగిన అంచు చీలబోతుంది. సరిగ్గా ఆ క్షణానికి ఎడమచేతి వేళ్లు అంచుకు ఆనుకుని దాన్ని లోపలికి నెడతాయి. ప్రతి దెబ్బకూ రొట్టె పీట మీద కొద్దిగా తిరుగుతుంది. తిప్పడానికి వేరే చెయ్యి లేదు. దెబ్బ నేరుగా కాకుండా కాస్త పక్కకు పడుతుంది, ఆ ఒరుపుకే రొట్టె తిరుగుతుంది. కింద చల్లిన పొడిపిండి దాన్ని జారనిస్తుంది. అదే లేకపోతే రెండో దెబ్బకే రొట్టె పీటకు అంటుకుపోతుంది. నడుమ మందం, అంచు పల్చన కాకుండా మొదట నడుమ, తర్వాత అంచులు, చివర వేళ్ల కొసలతో మొత్తం ఒకసారి సరిచూస్తుంది. రోట్లో రోకలి పడ్డట్టు చప్పుడు లయ తప్పదు. లయ తప్పిందంటే ఎక్కడో అంచు చీలిందని, ఆమె చెయ్యి అక్కడ ఆగి దాన్ని అతుకుతోందని అర్థం.

ఎత్తేటప్పుడు వేళ్లు విప్పి రెండు చేతులూ రొట్టె కిందికి జొనుపుతుంది. ఒక అరచేతి మీదికి తీసుకుని పెంక మీద బోర్లిస్తుంది. దాంతో పీటకు ఆనిన వైపు, అంటే పొడిపిండి అంటిన వైపు, పైకి వస్తుంది. వెంటనే తడిగుడ్డతో ఆ పైభాగమంతా పూస్తుంది. ఈ ఒక్క పనిలో నాలుగు అవసరాలు తీరుతాయి. పొడిపిండి మాడి చేదెక్కకుండా ఉంటుంది. ఆ పిండే తడిసి, వేడికి ఉడికి, సన్నని పొరగా బిగుస్తుంది. కంటికి ఆనని పగుళ్లను ఆ పొర మూసేస్తుంది. రొట్టె లోపలి తేమ ముందే ఎగిరిపోకుండా నిలుస్తుంది. తడి ఆరీ ఆరకముందే తిరగెయ్యాలి. ముందే తిప్పితే పెంకకు అంటుకుంటుంది, ఆలస్యమైతే పొర పెళుసెక్కి చిట్లుతుంది.

రెండు వైపులా పొర బిగిశాక లోపల చిక్కుకున్న నీరు ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. పోవడానికి దారి లేక రొట్టెను అడ్డంగా రెండు పొరలుగా విడదీస్తుంది. పెంక తీసి రొట్టెను నిప్పు మీద పెట్టినా, పెంక మీదనే గుడ్డతో అదిమినా జరిగేది ఇదే. ఎక్కడో చిన్న కన్నం పడి ఆవిరి బుస్సుమంటే, ఆమె గుడ్డ ముద్దను ఆ కన్నం మీద నొక్కి పట్టి, ఆవిరిని అవతలి వైపుకు తోలింది. రొట్టె మొత్తం లేచింది. పిసికిన తీరు, తట్టిన మందం, పూసిన తడి, తిప్పిన వేళ, అన్నీ సరిపోయాయని ఆ పొంగే చెబుతుంది.

ఇదే చిక్కు మెక్సికోవాళ్లకూ వచ్చింది. వాళ్లదీ రొట్టే, కాకపోతే మక్కలది. ఆ రొట్టెను టోర్టిల్లా అంటారు. మక్కల్లోనూ గ్లూటెన్ ఉండదు. వాళ్లు పట్టుకున్న దారి సున్నం. మక్కలను సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, కడిగి, రాతి మీద నూరుతారు. సున్నం గింజ మీది తొక్కను కరిగించి, ముద్దకు అంటుకునే గుణం తెస్తుంది. దాన్ని చేత్తో తట్టి, కోమాల్ అనే మట్టి పెంక మీద కాల్చడం వేల ఏళ్ల నాటి సంప్రదాయానికి కొనసాగింపు. బాగా కాలిన టోర్టిల్లా కూడా పొంగుతుంది. ఒకరు వేడితో, ఇంకొకరు సున్నంతో ఒకే లోటును పూడ్చుకున్నారు. మానుకోట రైతు వేసే మక్కలూ మిర్చీ మొదట ఆ మెక్సికో వైపు నేలలో మచ్చికైన పంటలే.

సున్నం ఇంకో మేలు చేసింది. మక్కల్లో ఒంటికి పట్టకుండా బిగిసి ఉన్న నియాసిన్ అనే విటమిన్‌ను విడిపించింది. మక్కలను తీసుకెళ్లి సున్నం సంగతి వదిలేసిన యూరప్‌లో పేదలకు పెల్లాగ్రా జబ్బు వచ్చింది. స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కాసాల్ 1735లోనే దాని లక్షణాలు రాశాడు. దక్కన్‌లో జొన్న మీదే బతికిన పేదల్లోనూ ఆ జబ్బు కనిపించింది. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండడం దానికి కారణం కావచ్చని 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన మీద తర్వాత వాదాలు నడిచినా, ఒట్టి రొట్టె, కారంతో గడిపిన ఇళ్లనే ఆ జబ్బు పట్టిందన్నది నిజం. రొట్టె పక్కన పప్పు, పల్లీల పచ్చడి, నాటుకోడి పులుసు ఉండడాన్ని నేను రుచి కోసమే అనుకోను. కురవి చుట్టూ ఉన్న తండాల్లో లంబాడీలు బాటి అని పిలుచుకునే రొట్టెను మేకమాంసంతో తింటారు. జొన్నతో ఒంటికి చాలని నియాసిన్‌ను ఆ మాంసం భర్తీ చేస్తుంది.

నేను తిన్నవాటిలో ఒక చోట రొట్టె అతి మెత్తగా ఉంది, తుంచితే సాగింది. గోధుమపిండి కలిపారన్నమాట. అసలు జొన్నరొట్టె సాగదు, తుంచిన చోట పొడిగా, గరుకుగా తెగుతుంది. ఇంకో చోట ముందే చేసి దొంతరగా పేర్చిన రొట్టెలను వేడి చేసి పెట్టారు. ఉబ్బిన పిండిపదార్థం చల్లారేకొద్దీ బిగుసుకుంటుంది. మళ్లీ వేడి చేస్తే కాస్త మెత్తబడినా రెండు పొరల మధ్య ఉండే ఆ తేమ తిరిగి రాదు. అన్నింట్లోకీ కురవిలో నీళ్ల లెక్క చెప్పిన ఆమె చేసిన రొట్టే మేలైనది. పై పొర సన్నగా, కరకరలాడుతూ, కింది పొర మెత్తగా, నమిలేకొద్దీ తియ్యగా ఉంది.

ఆ వైపు వెళ్తే దొంతరలోంచి తీసిచ్చే రొట్టె పుచ్చుకోకండి. ముద్ద మెదిపి మీ ఎదుటే తట్టమని అడగండి. కాసేపు ఆగాల్సి వస్తుంది, ఆగండి.