సున్నా ఎక్కడమ్మా?

చర్మకణాల్లో ఆర్‌ఎన్‌ఏ తయారీని రెట్టింపు చేస్తుందట, ఈ వారం నా ఫోన్‌లోకి దూరిన ఒక క్రీము. దేనికి రెట్టింపు? ఈ కాలమ్ చదివేవాళ్లకు నా చాదస్తం తెలిసిందే: సున్నా చూపించని అంకెను గుమ్మం దాటనివ్వను.

ఆ చాదస్తం అంటించింది మా ల్యాబ్ మేడమ్. ఆర్‌ఎన్‌ఏను అల్లే ఎంజైము పాలిమరేజ్. దాని చురుకు కొలవాలంటే కణకేంద్రకాలను విడదీసి, నాలుగు న్యూక్లియోటైడ్లూ పోసి, వాటిలో యూటీపీకి మాత్రం ట్రిటియం గుర్తు పెట్టి, 37 డిగ్రీల దగ్గర ఉంచుతారు. (నాలుగింటిలో ఏటీపీ ఒకటి. 1929లో దాన్ని కండరంలో పట్టుకున్నవాళ్లలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారని మళ్లీ చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.) తర్వాత చల్లటి ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం పోస్తే ఆర్‌ఎన్‌ఏ విరిగి ఫిల్టరు మీద నిలుస్తుంది. బియ్యం కడిగితే కడుగు పోయి గింజ మిగిలినట్టు, అల్లుకోని యూటీపీ వెళ్లిపోతుంది. మిగిలిన రేడియోధార్మికతే లెక్క.

మేడమ్ ఆ లెక్క చూసేవారే కాదు. "సున్నా ఎక్కడమ్మా?" అనేవారు. మొదలవుతూనే ఆమ్లం పోసి ఆపేసిన గొట్టం సున్నా. ఆల్ఫా అమానిటిన్ కలిపిన గొట్టం మరొకటి. విషపు పుట్టగొడుగులోని ఈ పదార్థం కొద్దిపాటి మోతాదుకే రెండో పాలిమరేజ్‌ను ఆపేస్తుంది, ఒకటోదాన్ని ముట్టుకోదు. ఈ ఎంజైములు మూడు రకాలని 1969లో రోడర్, రట్టర్ తేల్చాక, ఏది ఎంత పనిచేస్తోందో చెప్పడానికి ఆ విషమే పనికొచ్చింది.

కొలిస్తే ఇలా విడదీసి, శుభ్రంగా కొలవాలి అని రాయబోతుంటే కాకేన్ సిండ్రోమ్ అడ్డొచ్చింది. ఎండ పడని, ఎదుగుదల ఆగిపోయే పిల్లల జబ్బు అది. అతినీలలోహిత కిరణాలు తగిలితే ఎవరి చర్మకణాల్లోనైనా ఆర్‌ఎన్‌ఏ తయారీ పడిపోతుంది. మామూలు కణాలు గంటల్లో తేరుకుంటాయి, వీళ్లవి తేరుకోవు. 1982లో మేన్, లేమన్ ఈ సంగతి చూపించారు. పాలిమరేజ్‌లో లోపం లేదు. అది నడుస్తున్న డీఎన్‌ఏలో పడిన దెబ్బను బాగుచేసే ఏర్పాటు లేదు. ఎంజైమును బయటికి లాగి, దెబ్బలేని డీఎన్‌ఏ ఇచ్చి కొలిస్తే అంతా సవ్యమనే తేలుతుంది.

బతికున్న కణానికే కిరణాలు తగిలించి, ఆగి, యూరిడిన్ పెట్టి చూడాలి. కణం యూరిడిన్‌ను ఎంత లోపలికి లాక్కుందన్నదీ ఆ అంకెలో కలిసిపోతుంది. మేడమ్ ఒప్పుకోని గజిబిజి. నేను ఒప్పుకుంటున్నాను. ఇక్కడ పోలికకు నిలబెట్టేది ఖాళీ గొట్టాన్ని కాదు, అదే పిల్లవాడి కణాల్లో కిరణం తగలని వంతును. జబ్బును నిర్ధారించడానికి ఇప్పటికీ ఈ పరీక్ష చేస్తున్నారు, కాకపోతే ట్రిటియం బదులు, మెరిసే రంగు అతికించడానికి వీలైన ఇథైనైల్ యూరిడిన్‌తో.