పుష్యంలో పాలగిన్నె

శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి మినియాపొలిస్ నుంచి మా అక్క కొడుకు వీడియో కాల్ చేశాడు. తెర నిండా తెలుపే. ఆ తెలుపులో ఒక అట్టపెట్టె నడుస్తోంది, దాని వెనక టోపీ, మఫ్లరు, మధ్యలో రెండు కళ్లు. "పిన్నీ, ఇల్లు మారుతున్నాం. ఇవాళ ఇక్కడ జీరో" అన్నాడు. సున్నా అంటే నీళ్లు గడ్డకట్టే చలి అనుకున్నాను. వాళ్లది ఫారన్‌హీట్ లెక్క. అక్కడి సున్నా మన లెక్కలో మైనస్ 18.

నాకు ముందు కోపమే వచ్చింది. నాలుగేళ్ల పిల్లని పెట్టుకుని అంత చలిలో ఏమిటీ పని? పైగా పుష్యమాసం. "ఒరేయ్ నాన్నా, పుష్యంలో ఎవరురా ఇల్లు మారేది?" అన్నాను. "ఓనరు ఇల్లు అమ్మేశాడు పిన్నీ. నెలాఖరుకి ఖాళీ చేయాలి" అని పెట్టె లోపల పెట్టడానికి వెళ్లిపోయాడు.

ఈ కాలమ్ పాత పాఠకులకి నా పట్టింపులు తెలుసు. శూన్యమాసాలు మూడు: ఆషాఢం, భాద్రపదం, పుష్యం. మంచి చెడుల మాట పక్కన పెట్టినా ఆ మూడు నెలల్లో ఇల్లు కదపకూడదనడం తెలివైన మాటేనని నేను ఎన్నోసార్లు వాదించాను. ఆషాఢంలో ఊరంతా నాట్ల పనిలో ఉంటుంది. భాద్రపదంలో వానలు. పుష్యంలో వరి ఇంటికి చేరే పని, బండి దొరకదు, ఎత్తడానికి మనిషి దొరకడు. పంచాంగం పొలాన్ని చూసి మాట్లాడిందని నా నమ్మకం. మా అమీర్‌పేట, పంజాగుట్టల్లో పొలాలు లేకపోయినా ఆ మాట మాత్రం మిగిలింది. ఈ నెలలో గేట్ల మీది టులెట్ బోర్డులు చాలా వరకు అలాగే వేలాడుతుంటాయి. హాస్టలు పిల్లలకి మాత్రం ఏ మాసమూ లేదు. కోర్సు మారితే గది మారుతుంది. బకెట్టు, పరుపు చుట్ట, సూట్‌కేసు ఆటోలో వేసుకుని ఎస్.ఆర్. నగర్ నుంచి బల్కంపేటకి, అక్కణ్నుంచి ఎల్లారెడ్డిగూడకి. వీడూ అలా తిరిగినవాడే. మైత్రీవనం దగ్గర జావా నేర్చుకున్న ఏడాదిలో మూడు గదులు మారాడు. ఆదివారాలు మా ఇంట్లో భోజనం చేస్తూ ఏ హాస్టల్లో నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పేవాడు.

మర్నాడు మళ్లీ ఫోన్ చేసి, ఆ మంచులో సామాను ఎలా కదిలించారో ఒక గంట చెప్పాడు. ఇల్లు మారడం ఒక విద్య అని నేను ముప్పై ఏళ్లుగా అంటున్నాను, కానీ ఈ పాఠాలు నాకు కొత్త. మిన్నెసోటాలో నవంబరు 15కీ ఏప్రిల్ 15కీ మధ్య, అద్దె గడువు తీరకముందే ఇల్లు ఖాళీ చేసేవాళ్లు కనీసం మూడు రోజుల ముందు యజమానికి చెప్పాలని చట్టమే ఉందట. ఖాళీ ఇంట్లో వేడి ఆగితే గోడల్లోని నీళ్ల పైపులు గడ్డకట్టి పగిలిపోతాయి కనుక. మంచు బాగా పడితే నగరం స్నో ఎమర్జెన్సీ ప్రకటిస్తుంది. ఏ వీధిలో ఏ వైపు బండి ఆపకూడదో ముందే చెబుతుంది, ఆపితే లాక్కుపోతారు. మన డీసీఎం వాడిలా ఒక చక్రం ఫుట్‌పాత్ ఎక్కించి సర్దుకోవడం కుదరదు. సాయంత్రం ఐదుకే పొద్దు గుంకుతుంది కాబట్టి చీకటి పడకముందే చివరి ట్రిప్పు అయిపోవాలి. తలుపు దగ్గర ఒక మనిషి పనల్లా తలుపు తెరవడం, మూయడం. లేకపోతే ఇంట్లో వేడి అంతా వీధి పాలే. ఆ పని మా కోడలు చేసింది. ప్లాస్టిక్ డబ్బాలు చలికి పెళుసెక్కి చిట్లుతాయి. టీవీని లోపలికి తేగానే ప్లగ్గు పెట్టకూడదు. చల్లటి వస్తువు మీద ఇంటి గాలిలోని తేమ నీరై కూర్చుంటుంది, అది ఆరేదాకా మర్నాటి వరకు దాన్ని ముట్టుకోలేదట.

ఉప్పు సంగతి నన్ను కట్టిపడేసింది. మనం కొత్తింట్లోకి బియ్యం, పప్పు, పసుపుతో పాటు ఉప్పు ముందు తీసుకెళ్తాం. వాళ్లూ ఉప్పే ముందు తీసుకెళ్తారు, కాకపోతే వంటింట్లోకి కాదు, గుమ్మం బయటికి. మెట్ల మీద మంచు ఎత్తిపోశాక కాలు జారకుండా రాళ్ల ఉప్పు చల్లుతారు. నీటిలో ఉప్పు కలిస్తే అది గడ్డకట్టడానికి ఇంకా ఎక్కువ చలి కావాలి. కానీ ఆ చలికీ ఒక హద్దుంది. మైనస్ 18లో మామూలు ఉప్పు సరిగా పనిచేయదు, అందుకని ఇసుక చల్లాల్సి వచ్చిందట. ఆ ఇసుక బస్తా, మంచు ఎత్తే పార పట్టుకొచ్చింది పక్కింటి పెద్దాయన. అడగలేదు, పేరు కూడా అప్పటికి తెలియదు. ట్రక్కు ఆగడం కిటికీలోంచి చూసి, వచ్చి దారి చేశాడు.

అన్నిటికంటే చివర కరివేపాకు మొక్క. అక్కడి మనవాళ్ల ఇళ్లలో దాని మర్యాదే వేరు. కుండీలో, దక్షిణం కిటికీ దగ్గర, చలికాలమంతా పసిపిల్లలా చూసుకుంటారు. ఆ గాలిలో కాసేపుంచితే చాలు, ఆకులు నల్లబడి మొక్క చచ్చిపోతుంది. కారును పావుగంట ముందు నుంచి వేడిచేసి, మొక్కకి దుప్పటి చుట్టి, కుండీ మా కోడలు ఒళ్లో పెట్టుకుని కూర్చుందట. వెనక సీట్లో పిల్ల. సామానంతా ట్రక్కులో వెళ్లింది. ప్రాణమున్నవన్నీ ఒకే కారులో వెళ్లాయి.

"పాలు పొంగించావా?" అని అడిగాను. "పొంగించాం పిన్నీ. గిన్నె పైన పెట్టుకున్నాం, అత్తయ్యగారి సంచి లాగే" అన్నాడు.

మా అత్తయ్య పాలసంచి గురించి ఇక్కడ ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. ఇంకోసారి రాయక తప్పదు. అన్నీ సర్దాక సర్దాల్సిన సంచి అది, అన్నిటికంటే ముందు విప్పాల్సింది. పాలగిన్నె, గరిటె, అగ్గిపెట్టె, కుందు, వత్తులు, నూనె సీసా, దేవుడి పటం, ఉప్పు, పసుపు, కాస్త బియ్యం, పెసరపప్పు. ఆ సంచి ఒక్కటుంటే మిగతా సామాను రెండు రోజులు రాకపోయినా ఆ ఇంట్లో సంసారం మొదలైనట్టే అనేది ఆవిడ.

1989 జనవరి. మేం అమీర్‌పేటలో, ఇప్పుడు మెట్రో స్తంభాలు ఉన్న రోడ్డుకి రెండు వీధుల వెనక, మొదటి అంతస్తులో ఉండేవాళ్లం. నాకు ఐదో నెల. ఓనరుగారు మార్గశిరంలో పైకి వచ్చి, మాఘంలో అమ్మాయి పెళ్లి, చుట్టాలు దిగాలి, సున్నాలు వేయించుకోవాలి, సంక్రాంతికల్లా ఖాళీ చేయమన్నారు. అంటే పుష్యంలో. కడుపుతో ఉన్న మనిషి ఉన్న ఇంట్లో మామూలు రోజుల్లోనే ఇల్లు మారరు. మావారు మాఘం దాకా ఆగమని రెండుసార్లు అడిగారు. కుదరదన్నారు.

అత్తయ్య ఏడవలేదు, ఎవర్నీ ఏమీ అనలేదు. పంచాంగం తీసి, పుష్యం రావడానికి ముందు ఒక మంచిరోజు చూసింది. పంజాగుట్టలో మాట్లాడుకున్న ఇంటి తాళం ముందుగా అడిగి తీసుకుంది. నన్నూ ఆ సంచినీ ఆటో ఎక్కించుకుని తెల్లవారుజామున వెళ్లింది. ఖాళీ ఇల్లు, మాట్లాడితే ప్రతిధ్వని. పక్కింటివాళ్ల కిరోసిన్ స్టవ్వు అడిగి తెచ్చి పాలు పొంగించింది. పటం పెట్టి దీపం వెలిగించింది. పాలలో గుప్పెడు బియ్యం వేసి పరమాన్నం చేసి నా చేతిలో పెట్టింది. ఉప్పు, బియ్యం అక్కడే ఉంచి తాళం వేసింది. "ఇవాళ్టి నుంచి మనం ఈ ఇంటివాళ్లం. అక్కడ ఉండేది సామానే. సామానుకి తిథి లేదు" అంది.

సామాను జనవరి రెండో వారంలో వచ్చింది. ఆ ఉదయం రోడ్డు మీద పొగమంచు. హైదరాబాదు చలికి కొలత చెప్పాలంటే బేగంపేటలో 1946 జనవరిలో నమోదైన 6.1 డిగ్రీలే ఇప్పటికీ చెప్పుకునే రికార్డు, మా చలి అంత కాదు. అయినా హమాలీల నోళ్లలోంచి ఆవిరి వస్తోంది. రెండు తోపుడు బళ్లు, నలుగురు మనుషులు. బీరువా దించడం చూశాను. లోపలివన్నీ తీసేసి, తలుపులు తాడుతో కట్టి, మెట్ల అంచున గోనెలు పరిచారు. పెద్దాయన కింది మెట్టు మీద వెనక్కి తిరిగి నిలబడి బరువంతా వీపు మీదికి తీసుకున్నాడు. పైనున్న కుర్రాడు తాడు వదులుతూ ఒక్కో మెట్టుకీ "ఆఁ" అనేవాడు. పెద్దాయన మాట్లాడలేదు. పదహారు మెట్లు. కింద ఆగి, చెమట తుడుచుకుని, "దీన్ని తలుపుల మీద ఎన్నడూ పండబెట్టకుండ్రి అమ్మా, వీపు మీదనే" అని చెప్పాడు. అప్పటి తొమ్మిదో నంబరు జాతీయ రహదారి మీద లారీల మధ్య ఆ బళ్లు పంజాగుట్ట వైపు వెళ్తుంటే, వెనక ఆటోలో అత్తయ్య నా చేయి పట్టుకుని కూర్చుంది. ఆమె చేయి చల్లగా ఉంది. భయపడిందని నాకు అప్పుడు తెలియలేదు.

ఆ పాలు ముందే పొంగించిన తెలివిని ఇన్నేళ్లూ మెచ్చుకుంటూ రాశాను. ఇప్పటికీ మెచ్చుకుంటాను. కానీ ఈ వారం మా వాడి మాటలు విన్నాక ఆ కథలో నేను చూడని మనిషి ఒకరు కనిపించారు. ఓనరుగారు. ఆయన గోడకీ అదే పంచాంగం వేలాడేది. మాఘంలో కూతురి ముహూర్తం అందులోనే చూసుకున్నారు. ఆ పంచాంగం పుష్యంలో కదలకూడదని మాకు చెప్పింది గాని, పుష్యంలో కదిలించకూడదని ఆయనకి చెప్పలేదు. ఐదో నెల గర్భిణి దోషం తనకి తగలకుండా దారి వెతుక్కోవాలి, ఆ దోషం తెచ్చిపెట్టినవాళ్లకి ఏ పట్టింపూ లేదు.

ఫ్రాన్సులో ఇంకో రకం శూన్యమాసం ఉంది. 1954 చలికాలంలో పారిస్ వీధిలో ఒక స్త్రీ గడ్డకట్టి చనిపోయింది. రెండు రోజుల ముందు ఇల్లు ఖాళీ చేయించిన కాగితం ఆమె చేతిలో అలాగే ఉంది. ఆబే పియెర్ అనే మతగురువు ఫిబ్రవరి 1న రేడియోలో ఆ సంగతి చెప్పి సాయం అడిగితే దేశం కదిలింది. 1956లో చట్టం వచ్చింది. ఇప్పుడు నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా, అద్దె బాకీ ఉన్నా సరే, సాధారణంగా ఎవర్నీ ఇంట్లోంచి గెంటడానికి వీల్లేదు. వెళ్లాలనుకున్నవాళ్లు ఎప్పుడైనా వెళ్లొచ్చు. ఆ చట్టం కట్టేసింది యజమాని చేతుల్ని. మన పట్టింపు కట్టేసింది అద్దెకున్నవాళ్ల కాళ్లని. పుష్యంలో ఇల్లు మారేది సరదాకి మారేవాళ్లు కాదు. అమ్ముడైన ఇంట్లో ఉన్నవాళ్లు, ఉద్యోగం పోయినవాళ్లు, బదిలీ అయినవాళ్లు, ఇంట్లో మనిషి పోయాక అద్దె కట్టలేనివాళ్లు. అలాంటివాళ్లని గుమ్మంలో నిలబెట్టి ఇది మంచి నెల కాదని నేనూ చెబుతూ వచ్చాను.

చెబుతూ వచ్చానని ఊరికే అనడం లేదు. మా వాడు ఫోన్ చేయడానికి రెండు రోజుల ముందు, గురువారం, మా తలుపు కొట్టి ఒక ఆవిడ వచ్చింది. మా మూడో అంతస్తు ఫ్లాటు ఖాళీగా ఉంది, ఓనరుగారు కూకట్‌పల్లిలో ఉంటారు, తాళం నా దగ్గర. ఆవిడది సూర్యాపేట వైపు పల్లె. వెంట భర్త, మెట్ల మీద కూర్చుండిపోయాడు. "ఆయనకు డయాలసిస్ అమ్మా. వారానికి మూడు మాట్ల రమ్మన్నరు. అంత దూరం కెల్లి ఎట్ల తిరుగుతం?" అంది. ఫ్లాటు చూపించాను. అద్దె కూడా మాట్లాడాను. ఆ తర్వాత ఎప్పుడూ అనే మాటే నోట్లోంచి వచ్చింది: "పుష్యం కదమ్మా, మాఘం రానివ్వండి, ఇంకో పన్నెండు రోజులు." ఆవిడ తల ఊపింది. "మాకూ ఎరుకే" అని, భర్తని లేపి, మెట్లు దిగింది. లిఫ్టు పనిచేయడం లేదు ఆ రోజు. పన్నెండు రోజులంటే ఐదు డయాలసిస్‌లు. నేను అప్పుడు లెక్కపెట్టలేదు.

ఆవిడ ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఇచ్చింది, అది తాళం గుత్తి కిందే ఉంది. ఆదివారం మా వాడి ఫోన్ పెట్టేశాక ఓనరుగారికి ఫోన్ చేశాను. ఆయన కూడా "పుష్యం కదండీ" అన్నారు. పుష్యం సంగతి నేను చూసుకుంటానని చెప్పాను. తర్వాత ఆవిడకి చేశాను. ఇంకే ఇల్లూ దొరకలేదన్నప్పుడు సంతోషించాను, సంతోషించినందుకు బాధపడ్డాను.

మంగళవారం పొద్దున ఒక ట్రాలీలో వచ్చారు. రెండు మంచాలు, ఒక ట్రంకు పెట్టె, స్టవ్వు, బియ్యం బస్తా. మా వాచ్‌మన్, ఎదురు ఫ్లాటు కుర్రాళ్లిద్దరు మోసి పెట్టారు. పెద్దాయన మూడంతస్తులు ఎక్కలేడని లిఫ్టు మెకానిక్‌ని సోమవారమే పిలిపించాను. పాలగిన్నె నేనే పట్టుకెళ్లాను. ఆ గిన్నె అత్తయ్యదే, అంచు ఒక చోట సొట్ట. ఆవిడ ఉప్పు తన మూటలోంచే తీసింది, ఊరి నుంచి తెచ్చుకున్న దొడ్డుప్పు. పాలు తూర్పు వైపు పొంగాయి. పెద్దాయన నాలుగు చెంచాలు తాగి, నీళ్లు, పాలు కొలత ప్రకారమే తాగాలట, మిగతాది గ్లాసుతో నాకే ఇచ్చేశాడు.

మూటలో పాత చీపురు ఒకటి కనిపించింది. అది మాత్రం కిందికి పంపించేసి, కొట్లో కొత్తది కొనుక్కురమ్మన్నాను. ఆ విషయంలో నా మాట మారలేదు.