తొట్టిలో నీరు, గొట్టంలో నీరు

దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, అంటే 1930ల తొలినాళ్లలోనే, కీళ్లు బిగుసుకుపోయి అడుగు వేయలేని ఎడ్లను అక్కడి రైతులు గమనించారు. 1937లో వైద్య పరిశోధకుడు షార్ట్, ఆయన సహచరులు అదే జిల్లా మనుషుల్లో కనిపించిన ఎముకల జబ్బుకు తాగునీటిలోని ఫ్లోరైడే మూలమని వైద్య పత్రికలో ప్రకటించారు. ఆ నీటిని బాగుచేసే ప్రతి పద్ధతికీ రసాయన ఇంజనీరింగ్‌లోని ఒక పాత ప్రశ్న ఎదురవుతుంది: ద్రవాన్ని తొట్టిలో కలియబెట్టాలా, గొట్టంలో వరసగా సాగనివ్వాలా?

ఒకవైపు నీరు ఎడతెగక చేరుతూ, మరోవైపు పోతూ, లోపల మర తిరుగుతూ ఉండే కలియబెట్టే రియాక్టర్ అనే తొట్టిలో గాఢత అంతటా ఒక్కటే కనుక, చర్య మొత్తం బయటికి వచ్చే పలుచటి గాఢత దగ్గరే మందకొడిగా నడుస్తుంది. పైగా ఇప్పుడే చేరిన చుక్క మరుక్షణమే బయటపడవచ్చు. ప్లగ్ ఫ్లో రియాక్టర్ అనే గొట్టంలో నీరు ముందూ వెనుకా కలవకుండా వచ్చిన వరసలోనే సాగుతుంది కనుక, ప్రతి చుక్కకూ సమాన సమయం దక్కుతుంది, గాఢత ఎక్కువున్న మొదట్లో చర్య చురుగ్గా సాగుతుంది. చర్య వేగం గాఢతకు అనుపాతంలో ఉన్నప్పుడు, 90 శాతం మలినం పోవడానికి గొట్టం కంటే తొట్టి దాదాపు 4 రెట్లు, 99 శాతానికి 21 రెట్లకు పైగా పెద్దదై ఉండాలి.

నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసిన నీటిని ముందు వడిగా, తరువాత నిదానంగా తిప్పి, ఫ్లోరైడ్‌ను పట్టుకున్న తెల్లటి మడ్డి అడుగుకు దిగాక, అడుగు కంటే కాస్త పైన అమర్చిన కుళాయి నుంచి తేటనీటిని పట్టుకుంటారు. చూపుకు ఇది తొట్టే. అయినా నింపి, తిప్పి, తేర్చి, ఖాళీ చేసే ఈ తీరులో ప్రతి చుక్కా సమాన సమయం గడుపుతుంది కనుక, లెక్కలో ఇది గొట్టం పక్షానే నిలుస్తుంది. కలియబెట్టడం కాదు, వచ్చే నీరూ పోయే నీరూ కలిసిపోవడమే తొట్టి బలహీనత.

ఫ్లోరైడ్‌ను పట్టుకునే యాక్టివేటెడ్ అల్యూమినా గుళికలతో నింపిన స్తంభంలో ఈ తేడా మరింత స్పష్టమవుతుంది. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీరు ముందుగా తగిలే పొర ఆ గాఢతకు తగినంత ఫ్లోరైడ్‌ను పట్టుకుని నిండుతుంది, చివరి పొర తేటనీటినే చూస్తుంది. అవే గుళికలను తొట్టిలో వేసి తిప్పితే, అవన్నీ శుద్ధమైన నీటి తక్కువ గాఢతకు సరిపడా మాత్రమే పట్టుకుంటాయి. ఖరీదైన పదార్థం సగంలోనే వృథా కాకుండా ఉండాలంటే స్తంభమే మేలు. పటికను క్షణాల్లో నీటికి పట్టించడానికి, వేడి విపరీతంగా పుట్టే చర్యలను అదుపులో ఉంచడానికి మాత్రం తొట్టికి సాటి లేదు.

క్రిములను చంపే క్లోరిన్‌కూ ప్రతి చుక్కకూ సమాన సమయం దక్కాలన్న న్యాయమే వర్తిస్తుంది. నీరు చేరే గొట్టం, పోయే గొట్టం పక్కపక్కనే ఉన్న ట్యాంకు ఎంత పెద్దదైనా, కొంత నీరు క్రిములు చావకముందే వీధి కుళాయికి చేరుతుంది. లోపల నాలుగు అడ్డుగోడలు కట్టి నీటిని మెలికలు తిప్పితే అదే ట్యాంకు దాదాపు గొట్టంలా పనిచేస్తుంది. పల్లెల్లో ట్యాంకులు కట్టించే ఇంజనీర్లు ఎన్ని లీటర్లు పడతాయన్నదానితో పాటు, ప్రతి లీటరూ లోపల ఎంతసేపు నిలుస్తుందో కూడా అంచనాల్లో రాయాలి.